సుంకి ఘాట్ పైన ఒక్క నిమిషం

జయపురం,
ఆదివారం రాత్రి

అల్లుడూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. సెకండ్‌హ్యాండ్ దోస్త్ మినీ లారీ బేరం ఆడుతున్నావట, కుందులి సంతలో అల్లం, కూరగాయలు ఎత్తి సాలూరు, విజయనగరం దింపుతావట. "నువ్వైనా వద్దని చెప్పరా తమ్ముడూ" అంది. నేను చెప్పను. మన ఇంట్లో మళ్లీ స్టీరింగ్ పట్టేవాడు ఒకడు తేలాడని నాకు ఒకటే సంబరం. కానీ పడుకోబోతే సాలూరు నుంచి పైకెక్కే సుంకి ఘాట్ కళ్లముందుకొచ్చింది, ఇంక నిద్ర ఎక్కడిది? ఫోన్లో చెబితే ఊ కొట్టి వదిలేస్తావు, అందుకే రాస్తున్నా.

కొనేముందు పొద్దున్నే వెళ్లు, చెప్పకుండా వెళ్లు. బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే నువ్వొస్తావని ముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట, ఇంకో రోజు రా. ఇంజిన్ ఆపి, చల్లగా ఉన్నప్పుడే, టర్బోకి, అంటే పొగ ఊపుతో తిరిగి ఇంజిన్లోకి గాలి ఎక్కువగా తోసేదానికి, గాలి వెళ్లే పైపు విప్పించి లోపలి చక్రాన్ని వేళ్లతో ఆడించి చూడు. పక్కలకి కొంచెం కదిలితే ఫర్వాలేదు. ముందుకీ వెనక్కీ కదిలినా, రెక్కలు గోడకి రాసుకున్నా, నమస్కారం పెట్టి వచ్చెయ్.

ఇంజిన్ ఆయిల్ అయితే బండి పుస్తకంలో రాసిన గ్రేడుదే పొయ్యి. కొత్త పొగ నిబంధనల బీఎస్ సిక్స్ బండి అయితే ఆ విషయంలో అసలు ప్రయోగాలు వద్దు. ఎన్ని కిలోమీటర్లకి మార్చాలో కూడా అందులోనే ఉంటుంది, కానీ ఘాట్లో లోడుతో తిరిగే బండికి అంతవరకు ఆగకు. ఎయిర్ ఫిల్టర్ సంగతి నీకు చెప్పక్కర్లేదు, దామంజోడి వైపు ఎర్రదుమ్ము ఎలా ఉంటుందో చూశావుగా. గట్టిగా గాలి కొట్టించి కాగితం చింపుకోకు, కొత్తది వేయించు. ఈల లాంటి శబ్దం, నల్లపొగ, లాగుడు తక్కువ, మూడూ కలిసి వస్తే ముందు టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ పైపుల క్లిప్పులు చూడు. పది నిమిషాల పనికి టర్బో పోయిందని చెప్పే మిస్త్రీలు ఉన్నారు.

ఇక నేను చేసిన తెలివితక్కువ పని చెబుతాను.

మా నాన్న లారీకి టర్బో లేదు. బండి ఆగిందంటే తాళం తిప్పాల్సిందే. "ఊరికే ఆడితే డీజిల్ ఎవడి బాబుది?" అనేవాడు. ఆ మాట నా ఒంట్లో ఇంకిపోయింది. నేను కొన్న చిన్న బండికి టర్బో ఉంది, అలవాటు మాత్రం నాన్నదే. సాలూరు నుంచి సిమెంటు వేసుకుని రెండో గేర్లో, మూడో గేర్లో మూలుగుతూ ఘాట్ ఎక్కడం, పైన టీ కొట్టు దగ్గర ఆపీ ఆపగానే తాళం తీసెయ్యడం. టీ తాగుతుంటే బానెట్ కింద టిక్ టిక్ మని ఇనుము చల్లారే చప్పుడు వినబడేది. ఆ చప్పుడంటే నాకు ఇష్టం కూడాను, మన బండి కష్టపడిందిలే అనిపించేది.

లోపల ఏమవుతోందో తెలిస్తేగా. టర్బోలో ఆ చక్రం నిమిషానికి లక్షసార్లకు పైనే తిరుగుతుంది, దాని ఇరుసు ఆయిల్ పొర మీద తేలుతూ ఉంటుంది. ఇంజిన్ ఆపితే ఆయిల్ రావడం ఆగిపోతుంది, వేడి మాత్రం ఎక్కడికీ పోదు. ఇరుసు దగ్గర నిలిచిపోయిన ఆ కాస్త ఆయిలూ మాడిపోతుంది. రోజూ ఒక పూత.

రెండో ఏడు టర్బో పోయింది. మిస్త్రీ ఆయిల్ పైపు విప్పి నా చేతిలో పెట్టాడు. మాడిన బెల్లం పాకంలా నల్లటి పెచ్చు కట్టి ఉంది, అగ్గిపుల్ల దూర్చబోతే సగంలో విరిగింది. "వచ్చే పైపు, పోయే పైపు రెండూ కొత్తవి వెయ్యాలి" అన్నాడు. టర్బోకే వేలకు వేలు పోశానన్న మంటలో ఉన్నాను. "కడిగి బిగించు" అన్నాను.

నెల తిరగలేదు. సుంకికి ఇంకో రెండు మలుపులు ఉందనగా ఇంజిన్ ఒక్కసారిగా అరిచింది. కాలు తీసేశాను, అరుపు ఆగలేదు. తాళం తీసేశాను, అయినా ఆగలేదు! ఆయిల్ అందక ఇరుసు అరిగి సీలు పోయి, ఇంజిన్ తన ఆయిల్ తనే పీల్చుకుని మండిస్తోంది. వెనక రోడ్డంతా పొగ. క్లీనర్ కుర్రాడు దూకేశాడు. టాప్ గేర్ వేసి, బ్రేక్ మీద నిలబడి, క్లచ్ ఠక్కున వదిలాను. బండి ఒక్క ఊపు ఊగి చచ్చింది. నా కాళ్లు మాత్రం చాలాసేపు వణికాయి.

ఆ రెండో టర్బోకి డబ్బు ఎక్కడిదో నీకు తెలీదు. అప్పుడు నువ్వు చంకలో ఉన్నావు. మీ అమ్మ గాజులు సాలూరులో తాకట్టు పెట్టాం. విడిపించడానికి ఏడాదిన్నర పట్టింది. ఒక్కనాడు మాట అనలేదు అక్క. నిన్న ఫోన్లో వద్దని ఎందుకు అందో ఇప్పుడు అర్థమైందా?

కాబట్టి ఘాట్ ఎక్కి ఆపినప్పుడు రెండు నిమిషాలు స్లోలో ఆడనీ. టీ చెప్పు, అది వచ్చాక తాళం తియ్యి. పొద్దున స్టార్ట్ చేశాక కూడా అర నిమిషం రేస్ ఇవ్వకు, ఆయిల్ పైదాకా అందనీ.

దిగేటప్పుడు న్యూట్రల్ వెయ్యకు. వెయ్యకంటే వెయ్యకు. డీజిల్ మిగులుతుందని నీకు ఎవడైనా చెబితే వాడికి ఇప్పటి ఇంజిన్లు తెలీవు. గేర్లో ఉండి కాలు తీస్తే డీజిల్ దానంతట అదే ఆగుతుంది, న్యూట్రల్లోనే తాగుతుంది. ఇదంతా లెక్క. అసలు సంగతి వేరే ఉంది, కింద నుంచి మూడో మలుపు దగ్గర నేను ఇప్పటికీ ఎవరితోనూ మాట్లాడను. ఎక్కిన గేర్లోనే దిగు. వెనక లారీ హారన్ కొడితే కొట్టుకోనీ.

బేరం కుదిరితే బండి ఇటు తీసుకురా. గాజుల సంగతి అమ్మ దగ్గర ఎత్తకు. వచ్చేటప్పుడు కుందులి అల్లం రెండు కిలోలు పట్రా, అత్తయ్య పచ్చడికి అడుగుతోంది. మా గేటు ముందు ఆపాక హారన్ కొట్టకు. ఇంజిన్ ఎంతసేపటికి ఆపుతావో లోపలి నుంచి వింటూ ఉంటాను.

మీ మావయ్య