థీసిస్‌లో బొమ్మల సంగతి

చిరంజీవి అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు లేటెక్‌లో, అదే మనం రాసే ఆదేశాలను బట్టి పేజీలు పేర్చే ఆ సాఫ్ట్‌వేర్‌లో, చేసి పంపిన థీసిస్ పీడీఎఫ్ చూశాను. మూడో అధ్యాయంలో బొమ్మలన్నీ చివర కుప్పపడ్డాయి. వాటిని వెనక్కి లాగాలని ప్రతిదానికీ, బొమ్మ ఎక్కడ పడాలో చెప్పే అక్షరంగా, పెద్ద హెచ్ (H) తగిలిస్తున్నావని మీ నాన్న చెప్పాడు. ముందు ఆ హెచ్‌లన్నీ తీసెయ్. ఫ్లోట్ (float) అనే అదనపు ప్యాకేజీ ఇచ్చే ఆ హెచ్ బొమ్మను రాసినచోటే కట్టేస్తుంది. అక్కడ జాగా చాలకపోతే బొమ్మ తర్వాతి పేజీకి పోతుంది, ముందు పేజీలో అడుగంతా తెల్లగా మిగులుతుంది. మీ గైడ్ ఒక పేరా చేర్చమంటే చాలు, మళ్ళీ అన్నీ చెదురుతాయి.

లేటెక్ బొమ్మల వరస తప్పనివ్వదు తల్లీ. ఒకదానికి చోటు దొరక్కపోతే, వెనకున్నవి ఎంత చిన్నవైనా దాని వెనకే ఆగిపోతాయి. రేషన్ షాపు క్యూలో మొదటి మనిషి వేలిముద్ర పడకపోతే అందరూ ఆగినట్టు. చివరికి అధ్యాయం ముగిసేటప్పుడు అన్నీ ఒక్కసారి బయట పడతాయి. కాబట్టి ఆ కుప్పలో మొదటి బొమ్మ ఏదో చూసి, దాని సంగతి తేల్చు.

నీ ఫైల్లో అది ఆ నిలువు గ్రాఫ్. పేజీలో ముప్పాతిక ఎత్తుంది, దానికి ఒట్టి టీ (t, అంటే పేజీ పైభాగం) మాత్రమే ఇచ్చావు. నువ్వు వాడే రిపోర్ట్ క్లాసు, అంటే లేటెక్ ఇచ్చే పేజీల నమూనా, మామూలుగా పేజీ పైభాగాన బొమ్మలకు 70 శాతం, అడుగున 30 శాతం మించి ఇవ్వదు. రాతకు కనీసం 20 శాతం అట్టిపెడుతుంది. ఇక ఆ గ్రాఫ్ ఎక్కడ పడుతుంది? పీ (p) కూడా ఇచ్చుంటే రాత లేని విడి పేజీలో హాయిగా కూర్చునేది. అందుకే అన్నిటికీ హెచ్‌టీబీపీ (htbp: ఇక్కడే, పైన, అడుగున, విడి పేజీలో) నాలుగక్షరాలూ ఇవ్వు, ఇందులో హెచ్ చిన్నది. వాటిని ఏ వరసలో రాసినా ఒకటే. ముందు ఆశ్చర్యార్థకం (!) పెడితే ఆ 70, 30 హద్దులను పట్టించుకోదు. అయినా నా మాట విని గ్రాఫ్ ఎత్తే తగ్గించు, దానికంత ఎత్తు అక్కర్లేదు.

ఒక సెక్షన్ బొమ్మ మరో సెక్షన్‌లోకి జారకూడదంటే ప్లేసిన్స్ (placeins) ప్యాకేజీని సెక్షన్ (section) ఆప్షన్‌తో పిలువు. ప్రతి సెక్షన్ ముందూ అదే అడ్డుకట్ట వేస్తుంది.

"కింది బొమ్మలో చూడండి" అని చాలాచోట్ల రాశావు. అవన్నీ మార్చి, బొమ్మ నంబరును తనే వేసే రెఫ్ (\ref) ఆదేశంతో నంబరు ఇవ్వు, బొమ్మ ఏ పేజీకి పోయినా చదివేవాళ్ళు వెతుక్కుంటారు. రెఫ్ వెతుక్కునే గుర్తు, లేబుల్ (\label), మాత్రం బొమ్మ శీర్షిక ఇచ్చే క్యాప్షన్ (\caption) తర్వాతే రాయాలి. ముందు రాస్తే బొమ్మ నంబరుకు బదులు సెక్షన్ నంబరు పడుతుంది. రెండో అధ్యాయంలో నీకు జరిగింది అదే.

మిగతా సర్దుబాట్లన్నీ రాత పూర్తయి, గైడ్ సరేనన్నాకే చెయ్యి. ఇప్పుడు ఆ హెచ్‌లు తీసేసి, ఆ గ్రాఫ్ ఒక్కటి సరిచేసి, మూడో అధ్యాయం మళ్ళీ కంపైల్ చేసి పంపు. చూస్తాను.

పెదనాన్న