పైథాన్‌లో ఆవర్తన పట్టిక గీయడానికి మూలకాల డేటా ఎక్కడ తీసుకోవాలి?

గళ్లకు ఏదో ఒక ధర్మాన్ని బట్టి రంగులు వేయాలి, దానికి ఏ డేటా మంచిది అని అడిగారు కదా. పదో తరగతి చదువుతున్న మా అక్క కూతురి కోసం నేనూ ఇదే పని చేశాను. రెండు గంటల్లో అయిపోతుందనుకుంటే రెండు ఆదివారాలు పట్టింది.

మొదట బోకే అనే బొమ్మలు గీసే పైథాన్ లైబ్రరీతో వచ్చే నమూనా డేటా తీసుకున్నాను. గ్రూపు (నిలువు వరస), పీరియడ్ (అడ్డు వరస) రెండూ అందులోనే ఉంటాయి. కానీ పట్టిక కింద విడిగా చూపించే లాంథనైడ్లకు, ఆక్టినైడ్లకు గ్రూపు గడిలో అంకె బదులు చిన్న గీత ఉంటుంది. ఆ గీత వల్ల పాండాస్ (పట్టికలను చదివే పైథాన్ లైబ్రరీ) కాలమ్ మొత్తాన్ని అక్షరాలుగా చదివేస్తుంది. వరసలో పెట్టమంటే 2 కంటే ముందు 10 వచ్చి కూర్చుంటుంది.

తర్వాత పబ్‌కెమ్ అనే రసాయన డేటా వెబ్‌సైటుకి మారాను, మీకూ అదే చెబుతాను. 118 మూలకాలూ ఒకే సీఎస్‌వీ ఫైలులో దొరుకుతాయి. ఉష్ణోగ్రతలు కెల్విన్‌లో ఉంటాయి, చూసుకోండి. గ్రూపు, పీరియడ్ నంబర్లు మాత్రం ఉండవు. పీరియడ్ లెక్కగట్టడం తేలికే: జడవాయువుల పరమాణు సంఖ్యలు 2, 10, 18, 36, 54, 86, 118 దగ్గర ఒక్కో వరస ముగుస్తుంది. 57 నుంచి 71 వరకు, 89 నుంచి 103 వరకు ఉన్నవాటిని కింద రెండు వరసల్లోకి దించేయండి.

నా పరువు తీసింది ఖాళీ గడులు. ఋణవిద్యుదాత్మకత (బంధంలోని ఎలక్ట్రాన్లను పరమాణువు తనవైపు లాక్కునే గుణం) కాలమ్‌లో హీలియం, నియాన్, ఆర్గాన్‌లకు విలువ ఉండదు. ఎర్రర్ వస్తోందని ఖాళీలన్నిటినీ సున్నాతో నింపేశాను. బొమ్మ బాగానే వచ్చింది. అమ్మాయి చూసి, "మామయ్యా, ఫ్లోరిన్ పక్కనే ఉన్న నియాన్‌కి సీజియం కన్నా తక్కువా?" అంది. ఫ్లోరిన్‌ది 3.98, సీజియంది 0.79, నా నియాన్‌ది సున్నా! విలువ లేకపోవడం వేరు, సున్నా వేరు. అలాంటి గళ్లకు బూడిద రంగు వేసి వదిలేయండి.

సాంద్రతకు రంగులు వేస్తే లాగరిథమ్ స్కేలు వాడండి. లేకపోతే బాగా ఎక్కువ సాంద్రత ఉన్న ఆస్మియం ధాటికి వాయువులన్నీ ఒకే రంగులో కలిసిపోతాయి. ఇంకెక్కడైనా దొరికిన ఫైలు వాడితే 118 ఎదురుగా ఓగానెసాన్ ఉందో లేదో చూడండి. ఆ పేరు 2016 నవంబరులో ఖరారైంది. మూడక్షరాల తాత్కాలిక గుర్తు కనిపిస్తే అది పాత ఫైలు.

గళ్లలో పాదరసం, గంధకం అని తెలుగులో రాయాలనుకుంటే మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే బొమ్మల లైబ్రరీతో జాగ్రత్త. నా దగ్గరున్న వెర్షన్‌లో ఒత్తులు విడిపోయి 'ఆక్సిజన్' చదవడానికే రాలేదు. ఫాంటు మార్చినా అంతే. బోకే, అలాంటిదే అయిన ప్లాట్లీ బొమ్మను బ్రౌజర్‌లో చూపిస్తాయి కాబట్టి అక్కడ అక్షరాలు సరిగ్గా వచ్చాయి. చివరికి అలాగే చేసి ప్రింట్ తీయించాను.