గిన్నీ కోళ్ల దాణా: వేరుశనగ చెక్క ఒక్కటే చాలదు

ప్రశ్న: మా గిన్నీ కోడి పిల్లలకు ఐదు వారాలు దాటాయి. మొక్కజొన్న నూక 60 పాళ్లు, తవుడు 20 పాళ్లు, వేరుశనగ చెక్క 20 పాళ్లు కలిపి మేపుతున్నాము. అయినా పిల్లలు ఎదగడం లేదు, ఈకలు పలచగా ఉన్నాయి. సోయా చెక్క కొనకుండా అజొల్లాతో (నీటిపై తేలుతూ పెరిగే చిన్న మొక్క) ఈ లోటు తీర్చవచ్చా?
– ఒక రైతు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: అజొల్లాతో ఈ లోటు తీరదు. గిన్నీ కోడి పిల్లల దాణాలో మొదటి నాలుగు వారాలు 24 నుంచి 26 శాతం, ఆ తరువాత ఎనిమిదో వారం వరకు సుమారు 20 శాతం మాంసకృత్తులు ఉండాలి. మీ మిశ్రమంలో ఉన్నవి దాదాపు 16 శాతమే. అది ఎనిమిది వారాలు దాటిన పక్షులకు సరిపోయే స్థాయి. అంతకన్నా ముఖ్యంగా చూడవలసింది, ఆ మాంసకృత్తుల్లో లైసిన్, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాలు ఎంతున్నాయన్నది. వేరుశనగ చెక్కలో లైసిన్ సోయా చెక్కలో ఉన్నదానిలో సగానికి కాస్త అటూ ఇటుగా ఉంటుంది, మెథియోనిన్ కూడా తక్కువే. ఈకలు ఏర్పడటానికి మెథియోనిన్ తప్పనిసరి కనుక, వేరుశనగ చెక్క పాళ్లు పెంచి మొత్తం 20 శాతానికి చేర్చినా మీ పిల్లల అవస్థ పూర్తిగా తీరదు.

100 కిలోల దాణాకు మొక్కజొన్న నూక 58, సోయా చెక్క 25, నూనె తీసిన తవుడు 9, ఎండు చేపల పొడి 5, ఖనిజ లవణ మిశ్రమం 2, సున్నపురాయి పొడి 1 కిలో చొప్పున కలిపితే మాంసకృత్తులు 20 శాతానికి దగ్గరగా వస్తాయి. విటమిన్ల పొడిని ప్యాకెట్‌పై ఉన్న మోతాదులో చేర్చండి. సోయా ఖర్చు భారమనిపిస్తే అందులో నాలుగైదు కిలోలకు బదులు నువ్వుల చెక్క వేయవచ్చు. దానిలో మెథియోనిన్ బాగా ఉంటుంది, లైసిన్ మాత్రం తక్కువ కాబట్టి సోయాను పూర్తిగా మానకూడదు. పచ్చి సోయా గింజలను దంచి పెట్టకండి, వేడి చేయని సోయా జీర్ణక్రియకు అడ్డుపడుతుంది.

చేపల పొడి కొనేటప్పుడు గుప్పెడు పొడిని గాజు గ్లాసులోని నీళ్లలో వేసి కలిపి చూడండి. అడుగున ఇసుక పేరుకుంటే ఆ సరుకు వద్దు. ఉప్పు చేపల పొడి అయితే దాణాలో వేరే ఉప్పు కలపకూడదు. పిల్లలు అదే పనిగా నీళ్లు తాగుతూ పలచగా రెట్ట వేస్తుంటే ఉప్పు ఎక్కువైందేమోనని అనుమానించాలి. వేరుశనగ చెక్క వాడితే బూజు వాసన ఉన్నదాన్ని నిర్దాక్షిణ్యంగా పారవేయండి. గిన్నీ కోళ్లు బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని కొంత తట్టుకుంటాయన్న పేరుంది కానీ, లేత పిల్లల మీద ఆ పరీక్ష పెట్టడం న్యాయం కాదు.

ఇక అజొల్లా సంగతి. తడి అజొల్లాలో 90 శాతానికి పైగా నీరే. పిల్లకు రోజుకు 20 గ్రాములు పెట్టినా దాని ద్వారా అందే మాంసకృత్తులు పావు గ్రాము మాత్రమే. 40 గ్రాముల మంచి దాణా 8 గ్రాములు ఇస్తుంది. పచ్చి మేతగా పెట్టండి, మేలే జరుగుతుంది, దాణాను మాత్రం తగ్గించవద్దు. రెండు వారాల్లో మార్పు కనిపించకపోతే రెట్టను పశువైద్యునితో పరీక్ష చేయించండి.

ప్రశ్న: తొలకరిలో వచ్చే ఉసుళ్లను (రెక్కల చెదలను) పిల్లలకు వేయవచ్చా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: నిస్సందేహంగా వేయవచ్చు. గిన్నీ కోళ్ల పుట్టిల్లు అయిన ఆఫ్రికాలో, ఘనా ఉత్తర ప్రాంతపు పల్లెల్లో రైతులు చెదలను సేకరించి పిల్లలకు మేపుతారు. అయితే చెదల మందు చల్లిన ఇంటి గోడల దగ్గర, పురుగుమందు కొట్టిన చేల గట్ల మీద పట్టిన ఉసుళ్లను ఎట్టి పరిస్థితిలోనూ వేయకండి.