ఇంట్లో బీపీ మిషన్ ఉంది, గుండె ఎలా ఉందో దాంతో తెలుస్తుందా?

విశాఖలో ఉంటాను, వయసు 48, ఇంట్లో బీపీ మిషన్, ఆక్సీమీటర్ ఉన్నాయి, వీటితో గుండె సంగతి తేలుతుందా అని అడిగారు. గుండె రక్తనాళాల్లో పూడిక ఉందో లేదో ఇంట్లో తేలదండి. పడుకోబెట్టి తీసిన ఈసీజీ నార్మల్‌గా వచ్చినా లోపల పూడిక ఉండొచ్చు. ఇంట్లో తెలిసేవి బీపీ తీరు, నాడి లయ, ఒంటికి శ్రమ తట్టుకునే ఓపిక. ఆక్సీమీటర్ పక్కన పెట్టేయండి. అందులో ఆక్సిజన్ 98 శాతం వచ్చిందని గుండె బాగున్నట్టు కాదు.

మిషన్ తప్పు చూపిస్తోందని చాలామంది అంటారు గానీ, తేడా ఎక్కువగా మనం కూర్చునే పద్ధతిలోనే ఉంటుంది. టీ, కాఫీ, సిగరెట్, నడక, ఏదైనా సరే, అయ్యాక అరగంట ఆగాలి. బీచ్ రోడ్డులో నడిచొచ్చి చెమట ఆరకముందే కఫ్ కట్టుకుంటే ఆ అంకె దేనికీ పనికిరాదు. మూత్రానికి వెళ్ళొచ్చి, వీపు ఆనే కుర్చీలో 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. పాదాలు నేలకి ఆనాలి, కాలు మీద కాలు వద్దు. చెయ్యి బల్ల మీద ఉండి, కఫ్ గుండె ఎత్తుకి రావాలి. చెయ్యి కిందికి వేలాడితే బీపీ ఎక్కువ చూపిస్తుంది.

కఫ్ చొక్కా మీద కాదు, ఒంటి మీదే కట్టాలి, మోచేతి మడతకి రెండు వేళ్ళ పైన. లావు చేతికి చిన్న కఫ్ కడితే లేని బీపీ ఉన్నట్టు వస్తుంది. దండచెయ్యి చుట్టుకొలత టేపుతో కొలిచి, కఫ్ మీద అచ్చేసిన సెంటీమీటర్ల హద్దులో ఉందో లేదో చూడండి. మణికట్టుకి కట్టే మిషన్లు నాకు నచ్చవు, చెయ్యి కాస్త అటూ ఇటూ అయినా అంకె మారిపోతుంది.

మొదటిరోజు రెండు చేతులకీ చూసి, ఎక్కువ వచ్చిన చేతికే తర్వాత కూడా చూడండి. పొద్దున బీపీ మాత్ర వేసుకోకముందు నిమిషం తేడాతో రెండుసార్లు, రాత్రి రెండుసార్లు, 7 రోజులు రాయండి. మొదటిరోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. అది 135/85 గానీ, అంతకు మించి గానీ ఉంటే డాక్టరుకి చూపించాలి. ఆసుపత్రిలో చూసే 140/90 హద్దు ఇంటి లెక్కకి వర్తించదు. ఒక్కసారి ఎక్కువొచ్చిందని కంగారుపడి మాత్ర పెంచుకోవడం, వారం బాగుందని మానేయడం, రెండూ ప్రమాదమే.

నాడి చేత్తోనే చూడండి. చూపుడు, మధ్య వేళ్ళని మణికట్టు మీద బొటనవేలి వైపు ఆనించి పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. బొటనవేలితో పడితే దాని నాడే తగులుతుంది. కూర్చున్నప్పుడు 60 నుంచి 100 మామూలు. రోజూ వ్యాయామం చేసేవారికి, గుండె వేగం తగ్గించే మెటొప్రొలాల్ లాంటి మాత్రలు వాడేవారికి తక్కువుంటుంది. మే నెల ఉక్కలో కాస్త పెరుగుతుంది. అంకె కంటే లయ ముఖ్యం. ఒక వరసంటూ లేకుండా కొట్టుకుంటుంటే ఈసీజీ తీయించాలి, దాని వెనక పక్షవాతం తెచ్చే ముప్పున్న గుండెజబ్బు ఉండొచ్చు. అలాంటి నాడికి బీపీ మిషన్ అంకెల్నీ పూర్తిగా నమ్మలేం.

శ్రమకి మెట్లు చాలు. ఆగకుండా నాలుగంతస్తులు, అంటే సుమారు 60 మెట్లు, ఒకటిన్నర నిమిషంలోపు ఎక్కలేకపోతే ఓపిక తగ్గినట్టు. ఊపిరితిత్తులు, రక్తహీనత, బరువు వల్ల కూడా అలా అవుతుంది, కాబట్టి అది గుండెజబ్బని తేల్చుకోకండి. పోయిన ఏడాది తేలిగ్గా ఎక్కిన మెట్లకే ఇప్పుడు ఆయాసం వస్తుంటే దాన్ని పట్టించుకోవాలి. ఛాతీలో బరువు, కళ్ళు తిరగడం ఉన్నవారు ఈ పరీక్ష అసలు చేయొద్దు. సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు. ఒంటి ఓపిక అక్కడే చూద్దామనుకోకండి.

నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకోండి. సాయంత్రం మోకాలి కింద కాలి ముందు ఎముక మీద 5 సెకన్లు నొక్కితే గుంట పడుతుంటే, పడుకుంటే ఆయాసం వచ్చి దిండ్లు పెంచాల్సి వస్తుంటే వెంటనే చూపించుకోండి.

ఛాతీ బిగుతు, చెమటలు, దవడకో చేతికో పాకే నొప్పి వస్తే మాత్రం మిషన్ వెతకొద్దు. బీపీ మామూలుగా ఉన్నా గుండెపోటు రావచ్చు. షుగర్ ఉన్నవారికి నొప్పి లేకుండా ఒట్టి ఆయాసమే రావచ్చు. గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి, బండి మీరు నడపొద్దు. రాత్రిపూట కూడా క్యాథ్‌ల్యాబ్ (గుండె రక్తనాళాల్లో పూడిక తీసే గది) నడిచే ఆసుపత్రి మీ ఇంటికి ఏది దగ్గరో ఇప్పుడే కనుక్కుని ఇంట్లోవాళ్ళకి చెప్పి ఉంచండి.