హెడ్‌షాట్‌లో ముక్కు పెద్దదిగా వస్తోంది: సమాధానం

ఫోన్‌తో తీసిన హెడ్‌షాట్‌లో (ఆడిషన్లకు పంపే ముఖం ఫొటోలో) ముక్కు పెద్దదిగా వస్తోందని, ఎడిట్ చేశాక అసలు మీలాగే లేదని రాశారు కదా. ఇవి రెండు వేర్వేరు సమస్యలండి.

ముక్కు సంగతి కేవలం దూరం వల్ల. అర మీటరు నుంచి తీస్తే చెవులకన్నా ముక్కు లెన్స్‌కు బాగా దగ్గరవుతుంది, అందుకే ఉబ్బినట్టు కనిపిస్తుంది. తీసేవాళ్లను 2 మీటర్లు వెనక్కి జరగమని, టెలిఫొటో లెన్స్ (దూరం నుంచి దగ్గరగా చూపే జూమ్ లెన్స్) వాడమనండి. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా (పెద్ద సెన్సర్ ఉన్నది) దొరికితే 85 ఎంఎం లెన్స్, ఎఫ్/4 పెట్టమనండి. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ ఫొటోలో స్పష్టంగా వచ్చే లోతు తగ్గుతుంది. ఎఫ్/1.8 పెడితే ఒక కన్ను స్పష్టంగా, రెండోది మసకగా రావచ్చు. ఫోన్‌లో వెనక భాగాన్ని మసక చేసే పోర్ట్రెయిట్ మోడ్ మాత్రం వద్దు, జుట్టు అంచుల్ని తినేస్తుంది.

నేరుగా ఎండ పడని కిటికీకి ఏటవాలుగా నిలబడండి, నీడ వైపు తెల్లటి అట్ట పెట్టండి. లెన్స్ కళ్ల ఎత్తులో ఉండాలి. కనుపాపలో కిటికీ మెరుపు పడిందో లేదో జూమ్ చేసి చూడండి. అది లేకపోతే చూపులో ప్రాణం ఉండదు. నవ్వు బిగుసుకుపోతుంటే, ఎదుటివాళ్లను ఏదైనా ప్రశ్న అడగమనండి. జవాబు మీ మనసులో కదిలే క్షణంలో క్లిక్ చేయాలి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే.

బట్టలు ఒకే రంగువి, లోగోలు లేనివి.

ఇక ఎడిటింగ్. వారంలో పోయే మొటిమ తీసేయండి. పుట్టుమచ్చ, ముడతలు, చర్మం రంగు దయచేసి ముట్టుకోకండి. ఆడిషన్‌కు పిలిచేవాళ్లు ఫొటోలో చూసిన మనిషే గదిలోకి రావాలనుకుంటారు. చివరగా ఫొటోను బొటనవేలి గోరంత చేసి చూడండి, కళ్లు తెలియకపోతే ఇంకా దగ్గరగా క్రాప్ చేయండి.