ఊళ్ళలో పురుగుమందు తాగి చనిపోవడాన్ని ఎలా ఆపాలి? కౌన్సెలింగ్ ఇస్తే సరిపోతుందా?

కౌన్సెలింగ్ కావాలి, దాని గురించి చివర్లో చెప్తాను. నన్నడిగితే మాత్రం మొదట జరగాల్సింది ఇంట్లో ఉన్న మందు డబ్బాలు బయటికి పోవడం. మాది ఖమ్మం వైపు పత్తి, మిర్చి వేసే ఊరు. ఏ ఇంటికి వెళ్ళినా బియ్యం బస్తాల పక్కనే సగం వాడిన డబ్బాలు కనపడతాయి. పిల్లలు తిరిగే చోటే, ముసలివాళ్ళు పడుకునే చోటే.

అవి అక్కడికి ఎలా వచ్చాయో ఎవరూ అడగరు. కౌలు రైతుకి బ్యాంకులో అప్పు పుట్టదు, పట్టా ఆసామి పేరున ఉంటుంది కాబట్టి. సాగుచేసే వాళ్ళకి గుర్తింపు కార్డులు ఇవ్వాలని ఉమ్మడి రాష్ట్రంలో 2011లోనే చట్టం చేశారు. మా ఊళ్ళో ఆ కార్డు చూపించి అప్పు తెచ్చుకున్నవాణ్ణి ఒక్కణ్ణీ నేను చూడలేదు. కార్డిస్తే రేపు భూమి మీద హక్కు అడుగుతారని ఆసాములకు భయం. ఇక మిగిలేది మండల కేంద్రంలోని ఎరువుల కొట్టు. విత్తనం, ఎరువు, మందు అన్నీ అక్కడే ఖాతా మీద తెచ్చుకోవాలి. ఖాతా అన్నాక కొట్టాయన ఏది ఇస్తే అదే, ఎంతిస్తే అంతే. ఒక డబ్బా అడిగితే ఇది కూడా కొట్టు, అది కూడా కలుపు అంటూ మూడు అంటగడతాడు. పంట చేతికొచ్చాక వడ్డీతో సహా కాటా దగ్గరే పట్టుకుంటాడు. అంటే మనిషికి టెన్షన్ పెట్టే అప్పూ, ఆ టెన్షన్‌లో చేతికి దొరికే విషమూ రెండూ ఒకే బిల్లు మీద ఇంటికి వస్తున్నాయి.

మా ఇంటి వెనకాల వరసకి బాబాయి అయ్యే ఆయన ఒకాయన ఉన్నాడు. ఒక ఏడు పత్తి పూత మీద ఉండగా ముసురు పట్టి వదల్లేదు. నీళ్ళు నిలబడి చేనంతా ఎర్రబారింది. కొట్టాయన మనిషిని పంపి పాత బాకీ అడిగించాడు. ఆ సాయంత్రమే కూతురి హాస్టల్ ఫీజు సంగతేంటని పిన్ని నిలదీసింది. మాటా మాటా పెరిగింది. గోడ ఇవతల మేం అన్నం తింటూ వింటూనే ఉన్నాం. ఊళ్ళో అలాంటి గొడవలు ఏ ఇంట్లో ఉండవు? కాసేపటికి పిన్ని పెట్టిన కేకకి వీధంతా పరుగెత్తింది.

తర్వాత జరిగింది మాత్రం ప్రతి ఊరివాళ్ళూ తెలుసుకోవాలి. ఒకరు కుంకుడు రసం పోయమంటారు, ఒకరు పేడనీళ్ళు కలపమంటారు. ఎవరో ఉప్పునీళ్ళ చెంబు నోటి దాకా తెచ్చారు కూడా. మా ఊరి ఆశా కార్యకర్త వచ్చి ఆ చెంబు లాక్కుని వాకిట్లో పారబోసింది. "కక్కిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోద్ది, నోట్లో ఏమీ పోయొద్దు" అని అరిచింది. 108కి ఫోన్ చేయించింది. మందు పడిన చొక్కా విప్పించి, ఒళ్ళు సబ్బుతో కడిగించి, ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టింది. ఆ డబ్బాని కవర్లో వేసి పిన్ని చేతికిచ్చి డాక్టరుకి చూపించమంది. ఏ మందో తెలిస్తేనే కదా వాళ్ళు దానికి తగ్గ వైద్యం చేసేది!

ఇంత జరుగుతుంటే ఒక పెద్దమనిషి ముందుకొచ్చి, "పెద్దాసుపత్రికి తీసుకెళ్తే పోలీసు కేసవుద్ది, ఆర్‌ఎంపీని పిలిచి ఇక్కడే చూపిద్దాం" అన్నాడు. నలుగురు తలూపారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ కేసు భయంతో ఊళ్ళలో పోయే సమయమే ప్రాణాలు తీస్తోంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో 115వ సెక్షన్ ఉంది. అలాంటి ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, వేరుగా రుజువైతే తప్ప విచారించకూడదు, శిక్షించకూడదు అంటుంది అది. అతనికి వైద్యం అందేలా చూడాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే. 2024 జులైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనైతే, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309వ సెక్షన్ అసలు లేనే లేదు. ఆసుపత్రివాళ్ళు పోలీసులకి కబురు చేస్తారు, కానిస్టేబుల్ వచ్చి వివరాలు రాసుకుంటాడు. దానికి భయపడి మనిషిని ఇంట్లో ఉంచుకుంటారా?

బాబాయి బతికాడు. వెంటిలేటర్ మీద ఉన్నాడు, చాలా రోజులు పట్టింది, పిన్ని గాజులు అమ్మింది. ఇంటికొచ్చాక ఒకసారి చేలో కూర్చుని నాతో అన్నాడు: "చావాలని కాదురా. ఆ పూటకి ఆ గోల ఆగిపోతే చాలనిపించింది. కళ్ళ ముందు అది కనపడింది." కనపడకపోయి ఉంటే? అరుగు మీద కూర్చుని రెండు బీడీలు కాల్చి పడుకునేవాడు. నేను నమ్మేది ఇదే. ఆ ఘడియ గడిచిపోతుంది. అది గడిచేలోపు చేతికి ఏం దొరుకుతుందన్నదే మొత్తం విషయం.

టీవీవాళ్ళు మాత్రం ఎవరు పోయినా "అప్పుల బాధతో" అని ఒక్క ముక్క స్క్రోలింగ్ వేసి, పక్కన డబ్బా బొమ్మ ఒకటి పెడతారు. ఆ బొమ్మ ఎందుకయ్యా? ఎవరికి దారి చూపించడానికి? అప్పు నిజమే, నేను కాదనడం లేదు. 1997-98లో వరంగల్ జిల్లాలో పంట పోయి అప్పుల్లో మునిగిన పత్తి రైతులు ఎలా ప్రాణాలు తీసుకున్నారో మా ఇళ్ళలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ అప్పులేని ఇళ్ళలో కూడా ఇంటర్ తప్పిన పిల్లలు, అత్తింట్లో మాటపడిన ఆడవాళ్ళు ఇదే పని చేస్తున్నారు. వాళ్ళెవరూ రైతుల లెక్కలోకి రారు.

నా మాట నమ్మనివాళ్ళు శ్రీలంకని చూడండి. 1990ల మధ్యలో ఆత్మహత్యల రేటులో ప్రపంచంలోనే ముందు వరసలో ఉన్న దేశం అది. కౌన్సెలర్లను ఊరూరా దింపి కాదు, బాగా ప్రమాదకరమైన పురుగుమందులని ఒక్కొక్కటే నిషేధిస్తూ వచ్చి, ఇరవై ఏళ్ళలో ఆ రేటుని సుమారు 70 శాతం తగ్గించుకున్నారు. అక్కడ అప్పులు తీరాయా? మొగుడూ పెళ్ళాల గొడవలు ఆగాయా? ఆ ఏళ్ళలో సగం యుద్ధంలోనే గడిచాయి. వరి దిగుబడి కూడా పడిపోలేదు. 1995లో వాళ్ళు ఆపేసిన మందొకటి మన కొట్లలో ఆ తర్వాత పాతికేళ్ళకు పైగా అమ్ముడైంది. కేరళ 2011లో కొన్ని ప్రమాదకరమైన మందులు అమ్మకూడదంది. మనవాళ్ళకి మాత్రం కంపెనీలు ఏమనుకుంటాయో అన్న బెంగ ఎక్కువ.

"ఇంట్లో పెట్టెలో పెట్టి తాళం వేసుకోవచ్చుగా" అంటారేమో. అదీ చేసి చూశారు. శ్రీలంకలోనే అనురాధపుర వైపు 180 ఊళ్ళు తీసుకుని, కొన్నిచోట్ల ఇంటింటికీ తాళం పెట్టెలు పంచి, మిగతావాటితో పోల్చారు. 2017లో ఫలితం వచ్చింది, ఏమీ తగ్గలేదు. ఎలా తగ్గుతుంది, తాళంచెవి మొలతాడుకే ఉంటే! తమిళనాడులో కడలూరు జిల్లా కాట్టుమన్నార్‌కోయిల్ దగ్గర లక్ష్మీ విజయకుమార్ అనే డాక్టరుగారి బృందం వేరే దారి పట్టింది. ఊరికి ఉమ్మడిగా ఒక చోటు, అందులో లాకర్లు. రైతు పిచికారీ రోజున వెళ్ళి తెచ్చుకోవాలి, మిగిలింది మళ్ళీ అక్కడే పెట్టాలి. చేసింది రెండూళ్ళలోనే అయినా అక్కడ తగ్గిందన్నారు. నాకు అది చాలు.

బాబాయి సంగతి అయ్యాక మా పిన్ని కొట్టాయన్ని ఒకటే అడిగింది: "ఖాతాలో మొత్తం రాసుకో, మందు మాత్రం ఒక్క పిచికారీకి సరిపడా ఇవ్వు." ఆయన కుదరదన్నాడు, స్టాకు కదలాలట. అప్పుడు కుర్రాళ్ళం కొందరం కలిసి మూతపడిన పాలకేంద్రం గది అడిగి, పాత బీరువాలు రెండు వేసి, మా వీధివాళ్ళ డబ్బాలన్నీ అందులో పెట్టించాం. తాళం ఆశా కార్యకర్త దగ్గర. ఒక సీజను బాగానే నడిచింది. తర్వాత పంచాయతీ ఎన్నికలొచ్చాయి, ఆ గదిలో పార్టీ జెండాలు పెట్టుకున్నారు. మా ఊళ్ళో ఏ మంచి పనైనా ఎన్నికల దాకానే.

ఇంకో దారి కూడా మా జిల్లాలోనే పుట్టింది. పునుకుల ఊరివాళ్ళు వేపగింజల కషాయం, మగ పురుగుల్ని వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు, చేను చుట్టూ ఆముదం మొక్కలతో పురుగుని అదుపు చేసుకుని, 2003-04 ప్రాంతంలో మాకు పురుగుమందులే వద్దని ప్రకటించారు. డబ్బా లేదు, దాని ఖాతా లేదు. ఇప్పుడు ఆ ఊరు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. సేంద్రియం అంటే సిటీవాళ్ళ సరదా అని వెక్కిరించేవాళ్ళకి ఈ ఊరి పేరు చెప్పండి.

ఇక కౌన్సెలింగ్. 14416 అనేది టెలీమానస్ నంబరు, అంటే మనసు బాగోనప్పుడు ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ సేవ; పగలూ రాత్రీ ఎప్పుడైనా చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో ఎవరైనా మాట తగ్గించేసినా, "నేను లేకపోతే మీకు నయం" లాంటి మాటలన్నా సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది వట్టి భయం. ఆ రాత్రికి మాత్రం ముందు డబ్బాలు ఇల్లు దాటించండి, ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, తెల్లారి ఒకరు తోడుగా వెళ్ళి జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించండి. పూజలూ తాయెత్తులూ కావాలంటే ఆ తర్వాత కట్టించుకోండి, నేనేం అడ్డు చెప్పను.