డాలస్ ఎన్ని గంటలంటే...

"అన్నా, హైదరాబాద్ నుంచి డాలస్ 14,400 కిలోమీటర్లట, తెల్లారుజామున నాలుగింటికి ఎక్కితే అదే రోజు మధ్యాహ్నం మూడున్నరకి దిగుతామని చూపిస్తోంది, అంటే పదకొండున్నర గంటలేగా?" అని మా ఖమ్మం తమ్ముడొకడు అడిగాడు. 2009లో నేనూ ఇదే లెక్క వేసి అమ్మకి చెప్పాను కాబట్టి గట్టిగా నవ్వలేకపోయాను.

టికెట్ మీద ఎక్కడి టైము అక్కడిదే వేస్తారు నాయనా. ఆగస్టులో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. అది కలిపితే 22 గంటలు: దుబాయ్‌కి నాలుగు, అక్కడ రెండు గంటలు కూర్చోవడం, మళ్లీ డాలస్‌కి పదహారు. ఆ 14,400 గ్లోబు మీద దారం లాగి కొలిచిన దూరం, దారం దాదాపు ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది. శంషాబాద్ నుంచి డాలస్‌కి నాన్‌స్టాప్ లేదు, దుబాయ్ మీదుగా అయితే 15,500 దాకా అవుతుంది. ఇండియాకి తిరిగి వచ్చేటప్పుడు పడమటి గాలి వెనకనుంచి తోస్తుంది కాబట్టి గంటో గంటన్నరో తగ్గుతుంది.

నేను మాత్రం ఇంటి గుమ్మం దాటిన 49 గంటలకి చేరాను. అప్పటికి దుబాయ్ నుంచి డాలస్‌కి డైరెక్టు లేదు. న్యూయార్క్ దాకా ఒక టికెట్, అక్కడినుంచి విడిగా ఇంకోటి కొంటే 6,000 మిగిలాయి, నా అంత తెలివైనవాడు లేడనుకున్నా. తీరా దిగి, లైన్లో నిలబడి ముద్ర వేయించుకుని, పిడి ఊడిన సూట్‌కేసుకి నైలాన్ తాడు బిగించుకుని ప్రింటవుట్ చూపిస్తే, కౌంటర్లో ఆమె "మీ ఫ్లైటు లగార్డియా ఎయిర్‌పోర్టు నుంచి కదా, ఇది జేఎఫ్‌కే" అంది. ఒక ఊరికి మూడు ఎయిర్‌పోర్టులుంటాయని ఖమ్మంలో ఎవడు చెప్తాడు! టాక్సీకి 38 డాలర్లు. వెళ్లేసరికి ఫ్లైటు పోయింది, కొత్త టికెట్ 240, రెండు బ్యాగులకి 45. మొత్తం 323, అప్పటి 48 రూపాయల లెక్కన పదిహేనున్నర వేలు. రాత్రంతా కుర్చీలోనే. నీళ్ల సీసా మూడు డాలర్లంటే 144 రూపాయలని లెక్కేసి మళ్లీ షెల్ఫులో పెట్టేసి, బాత్రూమ్ పక్కన కుళాయి దగ్గర దోసిలి పట్టాను. ఇప్పుడు ఇక్కడ సొంతిల్లుంది, అయినా ఎయిర్‌పోర్టులో నీళ్లు కొనాలంటే చెయ్యి ఆడదు.

కాబట్టి శంషాబాద్ నుంచి డాలస్ దాకా ఒకటే టికెట్ తీసుకో, ఐదారు వేలు ఎక్కువైనా సరే. అమెరికాలో ఇంకో ఊళ్లో మారాల్సి వస్తే ముందు దిగిన చోటే ఇమిగ్రేషన్, అక్కడే బ్యాగులు తీసుకుని మళ్లీ ఇవ్వాలి, అందుకని మధ్యలో మూడు గంటలైనా ఉండాలి. ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ కాగితం), వీసా రూల్స్ అవీ మీ యూనివర్సిటీ సైట్‌లో ఉంటాయి, చదువుకో, చదువుకునేవాడివేగా.

నేను మిగిల్చిన ఆరు వేలు బయల్దేరే ముందే నాన్న చేతిలో పెట్టి గొప్పలు పోయాను. మిగతా లెక్క ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు.